సరిహద్దు జవానుకు రెండో ఉద్యోగం: చిక్కు ఎక్కడ పడుతోంది

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్ల నుంచి సైన్యంలో చేరే కుర్రాళ్లు ఎక్కువగా గోపాలపూర్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు దారిలోనే వెళ్తారు. సిపాయిగానో, నాయక్‌గానో, హవల్దార్‌గానో చేసి, చాలామంది ముప్పై అయిదు, నలభై అయిదేళ్ల మధ్య పెట్టె సర్దుకుని ఇంటికొస్తారు. అప్పటికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇంటి గోడలు సగంలో ఉంటాయి. పింఛనుతో వంటిల్లు నడుస్తుంది గానీ కాలేజీ ఫీజులు నడవవు. రెండో ఉద్యోగం తప్పదు.

ఇక్కడి మాజీ సైనికులకు ఉద్యోగాలు దొరక్కపోవడానికి చదువు చాలకపోవడమో, కంప్యూటరు రాకపోవడమో కారణమని తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. కానీ దరఖాస్తులు తిరిగొచ్చిన కారణాలు ఒక్కొక్కటే చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఎక్కువమంది ఓడిపోయేది పరీక్షలో కాదు, ధ్రువపత్రాల పరిశీలనలో. రెండు రాష్ట్రాల నిబంధనల నడుమ నిలబడినవాడికి ఈ గండం మరీ పెద్దది. దాన్ని దాటే ఏర్పాట్లు డిశ్చార్జికి రెండేళ్ల ముందు మొదలుపెడితే తేలిక. ఇంటికొచ్చాక మొదలుపెడితే ప్రతి సంతకానికీ నెలలు పడతాయి.

ఒడిశాలో ఒడియా లేదు, ఆంధ్రలో స్థానికత లేదు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లాయి. ఇళ్లలో తెలుగు మిగిలింది, కొన్ని బళ్లలోనూ మిగిలింది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివి సైన్యంలోకి పోయినవాడికి ఇరవై ఏళ్లపాటు దీనితో పని పడదు. సైన్యంలో హిందీ వస్తే చాలు. తిరిగొచ్చి ఒడిశా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు మొదటి గోడ తగులుతుంది.

ఒడిశా నియామక నోటిఫికేషన్లలో దాదాపు ప్రతిదానిలో ఒక షరతు కనిపిస్తుంది: అభ్యర్థికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. వస్తుందని మాటతో చెబితే ఒప్పుకోరు, కాగితం కావాలి. ఏడో తరగతి లేదా ఆపై తరగతి చివరి పరీక్షలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. లేదా ఒడియా మాధ్యమంలో మెట్రిక్ చేసి ఉండాలి. అదీ కాకపోతే ఎం.ఈ. (మిడిల్ ఇంగ్లిష్, అంటే ఏడో తరగతి) స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి గట్టెక్కాలి. బరంపురం బజారులో రోజూ ఒడియాలో బేరమాడే మనిషి కూడా ఈ కాగితం లేకపోతే పక్కకు తప్పుకోవాల్సిందే.

ఆ పరీక్ష కొండంతది కాదు. ఏడో తరగతి పిల్లాడి స్థాయి. లిపి మాత్రం కొత్త. తెలుగు అక్షరాలకు అలవాటుపడ్డ కంటికి ఒడియా గుండ్రటి తలకట్లు మొదట్లో ఒకేలా కనిపిస్తాయి, చదవడం వచ్చాక కూడా చేతిరాత వెనకబడుతుంది. రోజుకు గంట చొప్పున మూడు నాలుగు నెలలు పిల్లల పాఠ్యపుస్తకం చూసి రాస్తే సరిపోతుంది. అసలు ఇబ్బంది తేదీలది: పరీక్ష ఎప్పుడంటే అప్పుడు పెట్టరు, నోటిఫికేషన్ చివరి తేదీ నాటికి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఆఖరి పోస్టింగులో వార్షిక సెలవు ఈ పరీక్షకు తగ్గట్టు పెట్టుకున్నవాడికి ఇంటికొచ్చిన రోజు నుంచే రాష్ట్ర ఉద్యోగాల తలుపు తెరిచి ఉంటుంది.

ఇక అటు ఆంధ్రప్రదేశ్ సంగతి. పర్లాకిమిడి దాటి మహేంద్రతనయ అవతలకు వెళ్తే పాతపట్నం. బంధువులంతా అటే, పెళ్లిళ్లూ అటే. కానీ ఆంధ్ర రాష్ట్ర ఉద్యోగాల్లో స్థానికత ప్రధానంగా చదివిన చోటును బట్టి తేలుతుంది. 371డి అధికరణం కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ ఇదే పద్ధతి. చదివింది తెలుగు పుస్తకాలే అయినా బడి గంజాం జిల్లాలో ఉంటే అతను నాన్ లోకల్. స్థానికులకు పక్కనపెట్టిన వాటాలో అతనికి చోటు లేదు, మిగిలే కొద్దిపాటి భాగంలో రాష్ట్రమంతటితో పోటీ పడాలి. శ్రీకాకుళంలో బావమరిది ఇంటి చిరునామాతో ఆధార్ మార్పించుకుంటే స్థానికత వచ్చేస్తుందనే నమ్మకం ఈ ప్రాంతంలో గట్టిగా ఉంది. రాదు. పైగా డిశ్చార్జి బుక్కులో ఒక చిరునామా, పింఛను పత్రంలో ఒకటి, ఆధార్‌లో మరొకటి అయ్యాక ఏ జిల్లా సైనిక్ బోర్డు (మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయం) అతన్ని తన మనిషిగా నమోదు చేసుకోవాలో తేలదు. కోరాపుట్ జిల్లా కొఠియా పంచాయతీలోని 21 గ్రామాలపై రెండు రాష్ట్రాల వివాదం 1968 నుంచి కోర్టులో నలుగుతోంది. అక్కడ రెండు వైపుల కార్డులూ ఉన్న ఇళ్లున్నాయి. రేషనుకు అది లాభమేమో గానీ, సైన్యం నుంచి వచ్చినవాడికి మాత్రం రెండు చిరునామాలు తలనొప్పే.

కులపత్రం కూడా ఇక్కడే ఇరుక్కుంటుంది. వెనకబడిన కులాల కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్ర జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో లేకపోవచ్చు, ఉన్నా పేరు వేరే రూపంలో ఉండొచ్చు. మేనమామ బీసీ కాబట్టి తానూ బీసీ అనుకుని దరఖాస్తులో గడి నింపి, పరిశీలన రోజున సొంత రాష్ట్రం పత్రం చూపించలేక ఉద్యోగం పోగొట్టుకోవడం ఈ జిల్లాల్లో వింత కాదు. అనుమానముంటే జనరల్‌లో పెట్టడం మేలు. వయసు సడలింపు మాజీ సైనికుడిగా ఎలాగూ వస్తుంది.

అందువల్ల ఈ సరిహద్దు జవానుకు ముందువరసలో ఉండాల్సింది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు, రైల్వే, బ్యాంకులు. అక్కడ స్థానికత గొడవ లేదు. ప్రభుత్వ బ్యాంకుల గుమాస్తా పరీక్షకు ఏదో ఒక రాష్ట్రాన్నే ఎంచుకోవాలి, ఆ రాష్ట్ర భాష రావాలి. తెలుగులో చదివినవాడు ఇల్లు ఒడిశాలో ఉంది కదా అని ఒడిశా ఎంచుకుంటే ఒడియా పరీక్ష ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంటే తెలుగే ఆ భాష, పదో తరగతి మార్కుల పత్రమే రుజువు. ఇచ్ఛాపురం, పలాస, పార్వతీపురం శాఖలు ఇంటికి బస్సు దూరం. దరఖాస్తులో ఒక గడి సరిగ్గా నింపితే తప్పిపోయే ఇబ్బంది ఇది, అయినా ఏటా కొందరు ఇక్కడే తడబడతారు.

ఇంటిపేరు తెచ్చే తంటా

తెలుగువాడి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. బడి సర్టిఫికెట్‌లో ముందు ఒక్క అక్షరం, తర్వాత పేరు: బి. అప్పారావు. భర్తీ రోజున సైన్యం గుమాస్తా ఆ అక్షరాన్ని విడమరచి పేరు చివర పెడతాడు. ఒడిశాలో ఆధార్ తీసినప్పుడు ఆపరేటరు ఒడియా ఉచ్చారణను బట్టి ఇంగ్లిషులో కొడతాడు. 'రావు'కు చివరి అక్షరం ఒకచోట 'ఓ', ఇంకోచోట 'డబ్ల్యూ'. అప్పారావు ఒకచోట ఒకే ముక్క, మరోచోట రెండు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆర్మీ నంబరే మనిషి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పింఛను స్పర్శ్ పోర్టల్‌లోకి (రక్షణ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కేటప్పుడు, బ్యాంకు ఖాతా, పాన్ కలిపేటప్పుడు, కొత్త ఉద్యోగంలో పత్రాలు చూసేటప్పుడు ఒక్కసారిగా అన్నీ బయటకొస్తాయి.

ఏ కాగితాన్ని ఏ కాగితానికి సరిచెయ్యాలన్నది తెలియక చాలామంది తలకిందులుగా పని చేస్తారు, ఆధార్‌కు తగ్గట్టు సర్వీసు రికార్డు మార్పించాలని చూస్తారు. వరస ఇలా ఉండాలి: మెట్రిక్ సర్టిఫికెట్ మూలం. సర్వీసు రికార్డు దానికి సరిపోవాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఈ రెండింటికీ సరిపోవాలి. పుట్టినతేదీకీ ఇదే సూత్రం.

సర్వీసులో ఉండగా పేరు సవరణ అంటే అఫిడవిట్, పత్రికా ప్రకటన, యూనిట్ ద్వారా దరఖాస్తు, చివరికి పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పును నమోదు చేసే యూనిట్ ఉత్తర్వు). యూనిట్ గుమాస్తా పక్క గదిలోనే ఉంటాడు. డిశ్చార్జి తర్వాత అదే పనికి జిల్లా సైనిక్ బోర్డు నుంచి రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఆ ఆఫీసు మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్‌లో, ఈఎంఈ (సైన్యం మెకానికల్ ఇంజనీర్ల విభాగం) అయితే సికిందరాబాద్‌లో, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్‌లో. అక్కడ సరిదిద్దాక పింఛను పత్రం సవరణకు ప్రయాగరాజ్‌లోని రక్షణ పింఛను కార్యాలయానికి వెళ్తుంది. ఈలోగా దరఖాస్తుల గడువులు దాటిపోతాయి. భార్య పేరు, పిల్లల పేర్లు, వాళ్ల పుట్టినతేదీలు కూడా ఇదే ఊపులో చూసుకోవాలి. రేపు కుటుంబ పింఛను దగ్గర అవే అడ్డొస్తాయి.

కోటా ఒకసారే, కానీ ఒక మెలిక ఉంది

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో గ్రూప్ సీలో (గుమాస్తా వంటి పోస్టులు) 10 శాతం, పాత గ్రూప్ డీ స్థాయి పోస్టుల్లో 20 శాతం మాజీ సైనికులవి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో, ప్రభుత్వ బ్యాంకుల్లో ఇది 14.5, 24.5 శాతం. అందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకూ, యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకూ. వయసు లెక్క సులువు: అసలు వయసులోంచి సైనిక సర్వీసు తీసెయ్యాలి, మిగిలింది పోస్టు గరిష్ఠ వయసు కంటే మూడేళ్లకు మించి ఎక్కువ ఉండకూడదు. 38 ఏళ్లవాడికి 18 ఏళ్ల సర్వీసు ఉంటే లెక్కలో అతని వయసు ఇరవయ్యే. బ్యాంకుల్లో సర్వీసు కాలం, పైన మూడేళ్లు సడలించి, 50 ఏళ్ల పరిమితి పెడతారు.

డిగ్రీ లేదని వెనకాడేవాళ్లకు తెలియాల్సింది ఇంకోటి ఉంది. మెట్రిక్ పాసై, లేదా ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉండి, 15 ఏళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసినవారిని డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సీ పోస్టులకు అర్హులుగా తీసుకుంటారు. 1986 నుంచీ ఉన్న వెసులుబాటు ఇది. సాంకేతిక అనుభవం తప్పనిసరి అయిన పోస్టులకు పనికిరాదు. గ్రూప్ బీకి పనికిరాదు. ప్రైవేటు కంపెనీ దీన్ని డిగ్రీగా చూడదు. ఈ హద్దులు తెలియక ఆ కాగితం పట్టుకుని అన్ని చోట్లకూ తిరిగేవాళ్లున్నారు. వీలుంటే సర్వీసులో ఉండగానే దూరవిద్యలో నిజమైన డిగ్రీ చేసుకోవడమే నయం.

డిశ్చార్జికి ఏడాది ముందు నుంచే, అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో, కోటా కింద దరఖాస్తు పెట్టొచ్చు. నోటిఫికేషన్ చివరి తేదీ నుంచి ఏడాదిలోపు విడుదల తేదీ పడాలి. ఒక్కరోజు తేడా వచ్చినా తిరస్కరిస్తారు. అందుకే ముందు విడుదల తేదీ ఖాయం చేసుకుని, తర్వాత నోటిఫికేషన్లు చూడాలి. పొడిగింపు తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకు ఈ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఆ మెలిక. కోటా కింద కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగంలో చేరగానే మాజీ సైనికుడి హోదాతో వచ్చే రిజర్వేషన్ లాభం అక్కడితో అయిపోయినట్టే. రైల్వేలో ట్రాక్‌మన్ (పట్టాల పని) ఉద్యోగం ముందొచ్చిందని చేరి, ఆరు నెలల తర్వాత వచ్చిన మంచి గుమాస్తా ఉద్యోగం వదులుకున్నవాళ్లు ఉన్నారు. వదులుకోనక్కర్లేదు. 2014 ఆగస్టు 14 నాటి సిబ్బంది శాఖ ఉత్తర్వు ప్రకారం, మొదటి ఉద్యోగంలో చేరకముందే ఏయే పోస్టులకు దరఖాస్తు పెట్టాడో తేదీలతో సహా జాబితా రాసి, చేరిన వెంటనే యజమాని శాఖకు స్వీయ ప్రకటన ఇస్తే, ఆ దరఖాస్తుల వరకు కోటా లాభం నిలుస్తుంది. 'చేరిన వెంటనే' అన్న మాట ముఖ్యం. తర్వాతెప్పుడో ఫలితం వచ్చాక ఇచ్చేది చెల్లదు. ప్రతి దరఖాస్తు ప్రింటు, నంబరు, తేదీ ఒక ఫైలులో పెట్టుకుని, చేరిక రిపోర్టుతో పాటే ఆ జాబితా ఇచ్చి, కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాపీ ఉన్నా లేనట్టే. ప్రైవేటు ఉద్యోగం చేసినా, కాంట్రాక్టు మీద పనిచేసినా కోటా పోదు.

జీతం విషయంలో ఒక భయం ఉంది: పింఛను వస్తోంది కాబట్టి కొత్త జీతం కోస్తారని. ఆఫీసరు హోదాకు కింద రిటైరైనవారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో జీతం నిర్ణయించేటప్పుడు పింఛను పూర్తిగా పక్కన పెడతారు. జీతం స్కేలు మొదటి మెట్టు నుంచి ఇస్తారు, పింఛను మీద కరవు భత్యమూ వస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత కొత్త కుర్రాడి జీతంతో మొదలవుతున్నాననే బాధ మాత్రం మిగులుతుంది, దానికి నిబంధనల్లో మందు లేదు.

లంగర్ కమాండర్ అంటే కంపెనీకి ఏం అర్థమవుతుంది

ప్రైవేటు వైపు ఈ ప్రాంతంలో పని లేకపోలేదు. దామన్‌జోడిలో నాల్కో, సునాబేడలో హెచ్ఏఎల్, రాయగడ దగ్గర జేకే పేపర్, తెరుబలిలో ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం, టికిరి వైపు ఉత్కళ్ అల్యూమినా, ఛత్రపురంలో ఐఆర్ఈఎల్, గోపాలపూర్ రేవు, వీటన్నిటి చుట్టూ కాంట్రాక్టు సంస్థలు. ఆ గేట్ల దగ్గర కూడా మాజీ సైనికుడంటే సెక్యూరిటీ అనే ముద్ర పడిపోయింది. ఆ ముద్రకు సగం బాధ్యత బయోడేటాలదే.

హవల్దార్ బయోడేటాలో సాధారణంగా కనిపించేవి యూనిట్ల పేర్లు, పోస్టింగ్ ఊళ్లు, పతకాలు. హెచ్ఆర్ గుమాస్తాకు వాటిలో ఒక్కటీ అర్థం కాదు. ఉదాహరణకు 'లంగర్ కమాండర్, రెండేళ్లు' అన్న ఒక్క ముక్క. అందులో దాగినది ఇది: రోజూ నూట ఇరవై మందికి మూడు పూటల భోజనం, స్కేలు ప్రకారం రేషన్ తీసుకోవడం, నిల్వ పుస్తకం, గ్యాసు, నీటి శుభ్రత, వంటవాళ్ల వైద్య పరీక్షలు, నెలాఖరు లెక్క. దీన్ని 'నూట ఇరవై మంది సామర్థ్యం గల క్యాంటీన్ నిర్వహణ, నిల్వల లెక్క, వంటశాల పరిశుభ్రత' అని రాసి, కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఆహార భద్రత సూపర్‌వైజర్ శిక్షణ సర్టిఫికెట్ జత చేస్తే అది కర్మాగార క్యాంటీన్ సూపర్‌వైజర్ దరఖాస్తు అవుతుంది. అలాగే క్వార్టర్ మాస్టర్ స్టోర్స్‌లో చేసినవాడు స్టోర్ కీపరు. అతనికి లెడ్జరు, బిన్ కార్డు, ఏటా సరుకు లెక్క తేల్చడం కొట్టిన పిండి. లేనిది శాప్ లేదా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు ఒక్కటే, అది కొన్ని వారాల పని. ఎంటీ (మోటారు రవాణా) హవల్దార్ అంటే వాహనాల నిర్వహణ పర్యవేక్షకుడు. కోత్ ఎన్‌సీఓ (ఆయుధాల గది చూసే హవల్దార్ స్థాయి వాడు) అంటే తాళాలు, రిజిస్టర్లు, లెక్క తప్పని చేతి గుణం. అది ఆయుధాలకే కాదు, విలువైన సామాను ఉండే ఏ గోదాముకైనా కావాలి.

రక్షణ శాఖ పరిధిలోని డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ (డీజీఆర్) నడిపే కోర్సులు ఈ లోటు పూడ్చడానికే. జవాన్ల, జేసీవోల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) కోర్సు ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. వీటిని సర్వీసు చివరి దశలోనే చెయ్యాలి, సీట్లు పరిమితం, పేరు యూనిట్ ద్వారానే పోవాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఊరికి దగ్గరగా ఏ కోర్సు దొరికితే అది ఎంచుకోవడం. ఊరికి దగ్గర కోర్సు కంటే ఊరికి దగ్గర ఉద్యోగానికి పనికొచ్చే కోర్సు ముఖ్యం. రాయగడ, కోరాపుట్ వైపు స్థిరపడాలనుకునేవాడికి పారిశ్రామిక భద్రత, అగ్నిమాపకం, స్టోర్స్ పనికొస్తాయి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో (లేబర్ కోడ్‌లు) భద్రతాధికారి తప్పనిసరి అయ్యే కర్మాగారం పరిమాణాన్ని తగ్గించారు, ఆ డిప్లొమాకు గిరాకీ పెరిగేదే.

సాంకేతిక ట్రేడుల వాళ్లకు ఒక హెచ్చరిక. సైన్యంలో ఎలక్ట్రీషియన్ అయినంత మాత్రాన దక్షిణ ఒడిశాలో స్తంభం ఎక్కనివ్వరు. 2021 జనవరి నుంచి ఇక్కడ విద్యుత్ పంపిణీ టాటా పవర్ సదరన్ ఒడిశా సంస్థది, దాని కాంట్రాక్టరు దగ్గర లైన్ పని చెయ్యాలన్నా రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు పర్మిట్ అడుగుతారు. ఆర్మీ డ్రైవరుకూ అంతే: సర్వీసులో ఉండగానే సివిల్ లైసెన్సులో భారీ వాహనం చేర్పించుకోవాలి. ట్యాంకర్ల మీదకు పోయేవారు ప్రమాదకర సరుకుల మూడు రోజుల శిక్షణ చేసి, లైసెన్సు మీద రాయించుకోవాలి. నర్సింగ్ అసిస్టెంట్లు నర్సింగ్ కౌన్సిల్ నమోదు లేకుండా నర్సులు కాలేరు. ఊళ్లో సూదిమందు వేసే దుకాణం తెరిచి కేసుల్లో ఇరుక్కోవడం కంటే ఆసుపత్రి స్టోర్స్‌లోనో, అంబులెన్సు సేవలోనో చేరడం గౌరవం.

సెక్యూరిటీ పనే చెయ్యాలనుకుంటే అందులోనూ తేడాలున్నాయి. డీజీఆర్ జాబితాలోని ఏజెన్సీ ద్వారా ప్రభుత్వ రంగ సంస్థలో గార్డుగా చేరితే వేతనం నిర్ణీత రేటు ప్రకారం రావాలి. కేంద్ర కనీస వేతనాల్లో ఆయుధం లేని కాపలాదారు నైపుణ్య శ్రేణిలోకి, ఆయుధం ఉన్నవాడు అత్యంత నైపుణ్య శ్రేణిలోకి వస్తాడు. ఊరి ఏజెన్సీలు చేసే మోసం సాధారణంగా ఒకటే రకం: ఎనిమిది గంటల రేటుకు పన్నెండు గంటలు చేయించడం, వారం సెలవు రోజుకు రిలీవరును పెట్టకపోవడం, యూనిఫాం పేరుతో కోత, పీఎఫ్ కోసి జమ చెయ్యకపోవడం. చేరిన రెండో నెలలో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్ తెరిచి చూస్తే నిజం తెలిసిపోతుంది. నియామక పత్రం లేకుండా చేరకూడదు, కొత్త స్మృతుల్లో అది ఇవ్వడం తప్పనిసరి.

గన్‌మన్ జీతం ఎక్కువే, కానీ తుపాకీ లైసెన్సు సొంతదై ఉండాలి. దాని కోసం పోస్టింగ్ చోట దళారుల ద్వారా లైసెన్సు తెచ్చుకోవడం పాత జబ్బు. జమ్మూకశ్మీర్‌లో ఇలా ఇచ్చిన లైసెన్సులపై సీబీఐ దర్యాప్తే జరిగింది. ప్రత్యేక గుర్తింపు సంఖ్య లేని లైసెన్సు చెల్లదు. సొంత జిల్లా కలెక్టరు దగ్గర దరఖాస్తు పెడితే పోలీసు విచారణకు సమయం పడుతుంది, కాబట్టి అది కూడా చివరి ఏడాదిలో మొదలుపెట్టాల్సిన పనే.

చేతికొచ్చిన డబ్బు

డిశ్చార్జి తర్వాత గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు, గ్రూప్ ఇన్సూరెన్సు, 300 రోజుల వరకు సెలవు జీతం, పింఛను కమ్యుటేషన్ (పింఛనులో కొంత వదులుకుని బదులుగా ముందే ఒకేసారి తీసుకునే డబ్బు) దాదాపు ఒకేసారి వస్తాయి. సగం పింఛను వరకు అమ్ముకోవచ్చు. మూల పింఛను 20,000 అయితే 10,000 వదులుకున్నట్టు. నలభై ఏళ్ల ప్రాయంలో ఏడాది మొత్తాన్ని హెచ్చించే గుణకం సుమారు 9.09, అంటే చేతికి సుమారు 10.9 లక్షలు. బదులుగా 15 ఏళ్లపాటు నెలకు 10,000 తగ్గుతుంది, మొత్తం 18 లక్షలు. ఆ తర్వాత పూర్తి పింఛను తిరిగొస్తుంది. కరవు భత్యం మాత్రం ఎప్పుడూ పూర్తి 20,000 మీదే లెక్కిస్తారు. అప్పు తీర్చడానికో, ఇల్లు ముగించడానికో అయితే ఇది చవకైన డబ్బే. చీటీల్లోనో, తెలిసినవాడి ఫైనాన్సు కంపెనీలోనో పెట్టడానికైతే తీసుకోకపోవడమే మంచిది. సరిహద్దుకు రెండు వైపులా సైనికుల డబ్బు మీద కన్నేసే ఏజెంట్లు డిశ్చార్జి తేదీలు కూడా తెలుసుకుని వస్తారు.

సొంత వ్యాపారానికి పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన) పథకంలో మాజీ సైనికులు ప్రత్యేక వర్గం కిందకి వస్తారు: సొంత వాటా 5 శాతం చాలు, గ్రామీణ ప్రాంతంలో సబ్సిడీ 35 శాతం, పట్టణంలో 25. కాశీనగరం దగ్గర పల్లెలో పది లక్షల యూనిట్ పెడితే సొంతం యాభై వేలు, మిగిలిన తొమ్మిదిన్నర లక్షలు బ్యాంకు రుణం. 3.5 లక్షల సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాక రుణంలో సర్దుబాటు అవుతుంది. ఇది తెలియక సబ్సిడీ వస్తుందని ముందే ఖర్చు చేసినవాళ్లు మొదటి వాయిదాకే తడబడతారు.

అగ్నివీరుల లెక్క వేరు

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ (నాలుగేళ్ల సైనిక భర్తీ పథకం) కింద తొలి బ్యాచ్ శిక్షణ 2022 చివర, 2023 మొదట్లో మొదలైంది. నాలుగేళ్ల గడువు ఆ లెక్కన 2026 చివరి నుంచి ముగుస్తుంది. నూటికి పాతికమంది వరకే కొనసాగుతారు, మిగిలినవారు సుమారు 11.71 లక్షల సేవానిధితో (నాలుగేళ్ల చివర ఒకేసారి ఇచ్చే మొత్తం) బయటకొస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. పైన చెప్పిన 10, 20 శాతం కోటాలు, పదిహేనేళ్ల సర్వీసుకు వచ్చే డిగ్రీ సమానత ఇవేవీ వాళ్లకు వర్తించవు. అన్నయ్య హవల్దార్‌గా వచ్చి ఏ దారిలో ఉద్యోగం తెచ్చుకున్నాడో అదే దారిలో తమ్ముడు అగ్నివీర్‌గా పోవాలనుకుంటే కుదరదు.

వాళ్లకు ఉన్నవి వేరు: కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో 2022లో 10 శాతంగా ప్రకటించిన వాటా (బీఎస్ఎఫ్ కానిస్టేబుల్ భర్తీలో 2025 డిసెంబరులో దీన్ని 50 శాతానికి పెంచారు), వయసు సడలింపు. 2024 జులైలో ఒడిశా ప్రభుత్వమూ యూనిఫాం సర్వీసుల్లో 10 శాతం, అయిదేళ్ల సడలింపు ప్రకటించింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఇంటికొచ్చే గజపతి, గంజాం తెలుగు కుర్రాడికి ఇంటి దగ్గర ఉద్యోగానికి ఇంతకంటే దగ్గరి దారి మరొకటి కనిపించదు. కానీ రాష్ట్ర సర్వీసు కాబట్టి ఇక్కడా ఒడియా సర్టిఫికెట్ ప్రశ్న వస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వెళ్లినవాళ్లు ఎం.ఈ. స్థాయి ఒడియా పరీక్షను నాలుగేళ్లలోని సెలవుల్లోనే ముగించుకోవాలి. పదో తరగతితో చేరినవారు ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల) ఇంటర్ సర్టిఫికెట్‌ను, ఆపై చదివినవారు సైనిక శిక్షణకు సగం క్రెడిట్లు ఇచ్చే ఇగ్నో డిగ్రీ నమోదును యూనిట్‌లో ఉండగానే పూర్తి చేసుకోవాలి. సంతకం పెట్టాల్సిన అధికారి, శిక్షణ రికార్డు రెండూ అక్కడే ఉంటాయి.